బెంచీ మీద పద్దెనిమిది నిమిషాలు

పాఠకులు అతన్ని దారి మాస్టారు అనేవాళ్ళు. అతను పాఠాలు చెప్పే మాస్టారు కాడు. వీడియో గేముల్లో ఇరుక్కుపోయినవాళ్ళకి బయటపడే దారి రాసిపెట్టడం అతని ఉద్యోగం. ఏ తలుపు ముందు తెరవాలి, ఏ మెట్టు దగ్గర ఆగాలి, ఎవరితో ఏం మాట్లాడాలి, అన్నీ అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు వరసగా రాసేవాడు. అలాంటి రాతల్ని వాక్‌త్రూలనీ, గైడులనీ అంటారు. ఒక వెబ్‌సైటు అతని చేత అవే రాయించుకునేది. ఇంట్లోనే, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని పనిచేసేవాడు.

"వీధి చివర మందుల షాపుకి దారి అడిగితే తెల్లమొహం వేస్తాడు. వీడు లోకానికంతటికీ దారి చూపిస్తున్నాడట," అనేది అతని తల్లి.

ఆమె ముప్ఫై ఏళ్ళు బడిలో కుట్టుపని నేర్పిన టీచరు. రిటైరయ్యాక కొడుకూ కోడలితోనే ఉంటోంది. కొడుకు రాసిన ప్రతి గైడుకీ మొదటి పరీక్ష ఆమె దగ్గరే జరిగేది. కళ్ళజోడు సవరించుకుని, గైడు కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో వాక్యం కింద వేలు పెట్టుకుంటూ ఆడేది. ఆమె ఎక్కడ ఆగిపోతే అక్కడ వాక్యం కుదరలేదన్నమాట. "తెలిసినవాళ్ళకి చెప్పడం గొప్ప కాదురా. సూదిలో దారం ఎక్కించడం రాని పిల్లకి అర్థమైతేనే చెప్పినట్టు," అనేది.

అతని భార్య పెద్దాసుపత్రి ఎమర్జెన్సీలో నర్సు. గుమ్మం దాటి వచ్చిన ప్రతి రోగినీ అందరికన్నా ముందు చూసేది ఆమే. నాడి పట్టుకుని, ముఖం చూసి, రెండు ప్రశ్నలడిగి మణికట్టుకి ఒక పట్టీ కట్టేది. ఎర్ర పట్టీ అయితే వెంటనే లోపలికి. పసుపు అయితే కాసేపు ఆగొచ్చు గాని మీద కన్నేసి ఉంచాలి. పచ్చ పట్టీవాళ్ళు ఎంతసేపైనా కూర్చోవచ్చు. ఆమె బల్ల గుమ్మానికి ఎదురుగా ఉండేది కాబట్టి ఆసుపత్రిలో అందరూ ఆమెని ముందు బల్ల సిస్టర్ అనేవాళ్ళు.

ఆ ఏడాది ఒక ఆసుపత్రి గేము వచ్చి జనాన్ని ఊపేసింది. ఆడేవాడు ఎమర్జెన్సీ విభాగానికి పెద్ద. రోగులు వస్తుంటారు, మంచాలు తక్కువ, డాక్టర్లు ఇంకా తక్కువ. ఎంతమందిని ఎంత త్వరగా బతికిస్తే అన్ని నక్షత్రాలు. గైడు రాయడానికి అతను ఆ గేము ఆడుతున్నన్నాళ్ళూ ఆమె డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వెనక నిలబడి వంకలు పెట్టేది.

"ఆ సెలైన్ బాటిలేంటి, మంచం కంటే కింద వేలాడుతోంది? రక్తం వెనక్కొస్తుంది."

"బొమ్మ గీసినవాడికి చెప్పు. నేను దారి రాసేవాణ్ణి."

"రోగి బతికితే నీ దారి. చస్తే వాడి బొమ్మ. బావుంది."

తల్లి పక్కనుంచి నవ్వేది. అత్తాకోడళ్ళిద్దరూ ఒక పక్షం చేరితే అతను తెర వైపు తిరిగిపోయేవాడు.

గేములో తొమ్మిదో లెవెలు ఎవరికీ కొరుకుడు పడలేదు. ఒక ఫ్యాక్టరీలో మంటలు లేచి ముప్ఫై రెండుమంది ఒక్కసారి వస్తారు. ఉన్నవి ఐదు మంచాలు. అతను పదకొండు రోజులు దాంతో కుస్తీ పట్టి కిటుకు కనిపెట్టాడు. అందరికన్నా ముందు బూడిదరంగు చొక్కా వేసుకున్న ఒక ముసలాయన వస్తాడు. అతను ఫ్యాక్టరీ మనిషి కాదు, ఊరికే ఒంట్లో బాగోలేక వచ్చినవాడు. అందరూ అతనికి మొదటి మంచం ఇస్తారు, అక్కడే దెబ్బతింటారు. అతన్ని వరండాలో కూర్చోబెట్టేస్తే ఆ మంచం మీద నలుగురు బయటపడతారు. అతను మాత్రం లెవెలు ముగిసేలోపు కూర్చున్నచోటే పోతాడు. అయినా మూడు నక్షత్రాలూ వస్తాయి.

గైడులో ఇలా రాశాడు: "బూడిదరంగు చొక్కా ముసలాయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి మరిచిపోండి."

తల్లి ఆ వాక్యం కింద వేలు పెట్టి ఆగిపోయింది.

"అర్థం కాలేదా?" అన్నాడతను.

"అర్థమైందిలే. పాపం, ఆయనతో తోడెవరూ రాలేదురా," అంది. తీసుకెళ్ళి మంచం మీదే పడుకోబెట్టింది. ఓడిపోయింది. మళ్ళీ ఆడింది, మళ్ళీ పడుకోబెట్టింది. నాలుగుసార్లు ఓడిపోయి కళ్ళజోడు తీసేసింది. "ఈ లెవెలు నావల్ల కాదు. నువ్వే చూసుకో."

సాయంత్రం భార్య కూడా అక్కడే ఆగింది. "కూర్చోబెట్టడం సరే. మేమూ కూర్చోబెడతాం. తప్పదు. మరిచిపోండి అన్నది మాత్రం తీసెయ్. కూర్చోబెట్టినవాళ్ళ దగ్గరకి పది నిమిషాలకోసారి వెళ్ళి చూడాలి. అది చెయ్యకపోతే పట్టీలెందుకు కట్టడం?"

"గేములో వెళ్ళి చూడ్డానికి బటన్ లేదు."

"అది గేము లోపం. నీ రాతలోకెందుకు?"

అతను తీయలేదు. ఆ వాక్యంలో పదును ఉందనిపించింది. అనుకున్నట్టే అది పాకిపోయింది. కుర్రకారు దాన్ని సామెతలా వాడుకున్నారు. ఆఫీసులో కదలని ఫైలు గురించి, ఫోను ఎత్తని స్నేహితుడి గురించి అదే మాట. రోజూ వందల వ్యాఖ్యలు వచ్చేవి. అతను చాలావాటికి ఓపిగ్గా జవాబులిచ్చేవాడు.

రెండు నెలల తర్వాత ఒక ఉదయం తల్లి తన గదిలోంచి రావడం ఆలస్యమైంది. వచ్చి కుర్చీలో కూర్చుని ఎడమ దవడ నొక్కుకుంది.

"పన్ను నొప్పా అమ్మా?"

"పన్నో, వెన్నో. వీపులో కూడా పట్టేసినట్టుంది. రాత్రి వంకరగా పడుకున్నానేమో."

భార్య అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయింది. అతను ఫోను చేస్తే ఆమె ఒక్కటే అడిగింది. "దవడా, వీపూ రెండూనా? వెంటనే తీసుకురా. ఆలోచించకు."

టాక్సీలో బయల్దేరారు. దారిలో తల్లి, "పంటి డాక్టరు దగ్గరికి పోయేదానికి ఇంత హడావుడా," అని విసుక్కుంది. ఆసుపత్రి మలుపు దగ్గర వాళ్ళ టాక్సీని దాటుకుంటూ అంబులెన్సులు ఒకదాని వెనక ఒకటి నాలుగు పోయాయి. వంతెన మీద రెండు బస్సులు గుద్దుకున్నాయని డ్రైవరు రేడియోలో విని చెప్పాడు.

వాళ్ళు లోపలికి వెళ్ళేసరికి పదకొండూ నలభై. వరండా అంతా స్ట్రెచర్లు, తడిసిన బట్టలు, విరిగిన కళ్ళజోళ్ళు. భార్య ముందు బల్ల దగ్గర నిలబడే ఉంది. అత్తగారిని చూడగానే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి నాడి చూసింది. ఈసీజీ గుండె పరీక్ష చేయించింది. కాగితం మీది గీతలు రెండుసార్లు చూసింది. రక్తం తీసి పంపింది. తర్వాత పసుపు పట్టీ కట్టింది.

"పసుపా?" అన్నాడతను.

"ఇప్పటికి ఈసీజీ బాగానే ఉంది. కానీ నాకు నమ్మకం లేదు, మళ్ళీ తీయాలి. లోపల ఒక్క మంచం లేదు. ఆ బెంచీ నాకు ఇక్కడినుంచి కనబడుతుంది. అక్కడ కూర్చోబెట్టు."

"మీ అత్తగారు."

"తెలుసు." ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది. "పది నిమిషాలకోసారి వస్తాను. ఈలోపు చెమట పట్టినా, ఊపిరి బరువుగా తీసినా గట్టిగా కేకెయ్. నడిచి రావద్దు, కేకెయ్. అర్థమైందా?"

"అర్థమైంది."

తల్లి కోడల్ని చూసి, "నువ్వు పోవే అమ్మాయ్. వాళ్ళు ఒళ్ళంతా చితికి వచ్చారు. నాకేం, కూర్చునే ఉన్నాగా," అంది.

పదకొండూ యాభైకి భార్య వచ్చింది. చెయ్యి చూసింది, ముఖం చూసింది, వెళ్ళింది. ఆమె బల్ల దగ్గరికి చేరేలోపే ఒక మగమనిషిని మోసుకొచ్చారు. అతని తొడలోంచి రక్తం చిమ్ముతోంది. డాక్టర్లందరూ లోపల ఉన్నారు. ఆమె రెండు చేతులూ కలిపి ఆ గాయం మీద నొక్కిపెట్టి, స్ట్రెచరుతో పాటే నడుచుకుంటూ తలుపు వెనక్కి వెళ్ళింది.

బెంచీ మీద తల్లి కళ్ళు మూసుకుంది. అతను కాసేపు ఆమెని చూశాడు. నొప్పి తగ్గి కునుకు పట్టిందనుకున్నాడు. జేబులో ఫోను గుర్రుమంది. తీశాడు. తొమ్మిదో లెవెల్లో ఎవరో ఇరుక్కున్నారు. గైడులో ఉన్నదే మళ్ళీ అడిగారు. రెండు వాక్యాల్లో జవాబిచ్చాడు. దానికి ఇంకొకరు వెటకారంగా ఏదో రాశారు. దానికీ జవాబిచ్చాడు. పక్కన తల్లి చేతిరుమాలు తీసి నుదురు తుడుచుకుంది. "ఉక్కగా ఉందిరా," అంది. "ఊఁ," అన్నాడతను తలెత్తకుండా. ఆమె మెడ కూడా తుడుచుకుంది. అతని కంటి కొసకి రుమాలు కదలడం కనబడింది. కనబడింది గాని లోపలికి ఎక్కలేదు.

పన్నెండూ ఎనిమిదికి భార్య పరిగెత్తుకుంటూ వచ్చింది. అప్పటికి తల్లి తల ఒక పక్కకి వాలి ఉంది.

ఆ తర్వాత అంతా అతనికి ముక్కలు ముక్కలుగానే గుర్తు. భార్య అరిచిన అరుపు, ఎవరో తనని పక్కకి నెట్టడం, బెంచీ కింద పడిన రుమాలు. గుండె ఆగి మళ్ళీ కొట్టుకుంది. మూసుకుపోయిన రక్తనాళం తెరిచారు. కానీ తల్లి కళ్ళు తెరవలేదు. మూడో రోజు ఉదయం పోయింది.

అంత్యక్రియలు అయిపోయి, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక ఇల్లు ఖాళీ అయింది. భార్య అత్తగారి గదిలో దుప్పట్లు మడత పెడుతుంటే అతను గుమ్మంలో నిలబడ్డాడు.

"మా అమ్మని బెంచీ మీద కూర్చోబెట్టి మరిచిపోయావు," అన్నాడు.

ఆమె చేతిలో దుప్పటి ఆగింది. అతని వంక చూసింది. ఏదో అంటుందనుకున్నాడు. ఏమీ అనకుండా సగం మడతతోనే ఆ దుప్పటి మంచం మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆమె మాట్లాడకపోవడం అతనికి ఒప్పుకోలులా కనబడింది. మర్నాడు ఆసుపత్రికి ఫిర్యాదు రాశాడు. గుండెనొప్పితో వచ్చిన మనిషిని అరగంట వరండాలో వదిలేశారని, పది నిమిషాలకోసారి వస్తానన్న సిస్టర్ రాలేదని, ఆమె తన భార్యే అయినా న్యాయం న్యాయమేనని రాశాడు. చెమట సంగతి రాయలేదు. అది గుర్తులేక కాదు. రాస్తున్నంతసేపూ మనసు ఆ మాట దగ్గరికి వెళ్ళి, కాలిన చోటుని తాకిన వేలులా వెనక్కి వచ్చేసింది.

ఫిర్యాదు సంగతి ఆమెకి ఆసుపత్రిలోనే తెలిసింది. ఇంటికొచ్చి, "విచారణ వచ్చే బుధవారమట. పది గంటలకి నిన్ను కూడా రమ్మన్నారు," అని మాత్రం చెప్పింది. ఆ వారం ఇద్దరూ ఒకే కప్పు కింద ఉన్నారు గాని ఎవరి అన్నం వాళ్ళు పెట్టుకు తిన్నారు.

బుధవారం ఒక పొడవాటి గదిలో ముగ్గురు కూర్చున్నారు. మధ్యన సూపరింటెండెంటు, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న డాక్టరమ్మ. భార్య ఒక వైపు, అతను ఎదురుగా. డాక్టరమ్మ ముందు రిజిస్టరు చదివింది. పదకొండూ నలభై, మొదటి పరీక్ష. పదకొండూ యాభై, రెండో పరీక్ష. పన్నెండూ ఎనిమిది, మూడోది.

"మధ్యలో పద్దెనిమిది నిమిషాలున్నాయి సిస్టర్."

"అవునండీ."

"ఎక్కడున్నారు?"

"తొడ ధమని తెగిన రోగి దగ్గర. సర్జన్ వచ్చి రక్తం ఆపే క్లాంపు వేసేదాకా చెయ్యి తీయలేకపోయాను. తీయొచ్చండీ. తీస్తే అతను పోయేవాడు. మా అత్తయ్య గుర్తొచ్చింది. అయినా తీయలేదు. అదే జరిగింది."

డాక్టరమ్మ అతని వైపు తిరిగింది. "మీరు ఆవిడ పక్కనే ఉన్నారు కదా. సిస్టర్ వెళ్ళేముందు మీకేమైనా చెప్పిందా?"

అతను భార్యని చూశాడు. ఆమె రిజిస్టరు అట్ట మీద చూపు పెట్టుకుని ఉంది.

"చెప్పింది," అన్నాడు.

"ఏం చెప్పింది?"

"చెమట పడితే కేకెయ్యమంది."

"పట్టిందా?"

తెలియదని చెప్పొచ్చు. గమనించలేదని చెప్పొచ్చు, అది సగం నిజం కూడా. వాటిని తప్పుపట్టగల మనిషి ఆ గదిలో లేడు.

"పట్టింది. ఉక్కగా ఉందంది. రుమాలుతో తుడుచుకుంది, రెండుసార్లు. నేను ఫోను చూస్తున్నాను."

పక్కనున్నాయన కలం ఎత్తి మళ్ళీ దించాడు.

"ఫోన్లో ఏం చూస్తున్నారు?" అంది డాక్టరమ్మ. నిలదీసినట్టు కాదు, మెల్లగానే అడిగింది.

"నా పని. ఒక గేము గురించి జవాబులు రాస్తున్నాను. నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను మేడమ్."

"తీసుకున్నా విచారణ పూర్తి చేయాలి. ఒకటి చెప్తాను. చెమట పట్టినప్పుడే తెలిసుంటే ఆవిడ బతికేదా అంటే, నేను చెప్పలేను. బతికేదేమో. లేకపోవచ్చు కూడా. మీకు ఊరట కోసం అబద్ధం చెప్పను."

బయటికొచ్చాక ఇద్దరూ మెట్ల దగ్గర ఆగారు.

"నీకు తెలుసా?" అన్నాడతను.

"తెలుసు. తలుపు తెరుచుకుని వస్తుంటే ముందు నీ చేతిలో ఫోనే కనబడింది. తర్వాత అత్తయ్య."

"మరి ఆ రోజు అంత మాటన్నాను. ఎందుకు ఊరుకున్నావు?"

"చెప్తే నువ్వు మొయ్యలేవనిపించింది. తప్పు నా మీద వేసి తిట్టుకుంటే నీకు తేలిగ్గా ఉంటుందేమో అనుకున్నాను. కానీ కాగితం మీద రాసి పంపిస్తావనుకోలేదు. ఇరవై ఏళ్ళ ఉద్యోగం. నువ్వు రాశావు. వేరే ఎవరైనా రాసుంటే పడేదాన్ని."

అతను చెయ్యి చాపాడు. ఆమె అందుకోలేదు.

"నేను మా అక్కయ్య ఇంటికి పోతాను కొన్నాళ్ళు. కోపంతో కాదు. కోపం కూడా ఉంది. నాకు ఏడవాలనుంది, నీ ముందు ఏడవలేను."

ఆమె నలభై రోజులు అక్క ఇంట్లోనే ఉంది. విచారణలో తప్పులేదని తేల్చారు. అయినా ఆమె అడిగి మరీ ముందు బల్ల నుంచి మారి ఆపరేషన్ల వార్డులో చేరింది. అతను ఆ ఇంట్లో ఒక్కడే మిగిలాడు. గైడులోంచి ఆ వాక్యం తీసేశాడు. ఎందుకు తీసేశావని, దానివల్లే కదా మేం గెలిచామని పాఠకులు గోలపెట్టారు. ఎవరికీ జవాబివ్వలేదు. ఆ నెలాఖరుకి ఉద్యోగం మానేశాడు. తర్వాత కుట్టుమిషన్లు తయారుచేసే ఒక సంస్థలో, కొన్నవాళ్ళకి మిషను ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాసే పని దొరికింది. ఒక్కో వాక్యం రాసి ఆగేవాడు. వేలు పెట్టి చదివే మనిషి లేదు. తనే గట్టిగా పైకి చదువుకునేవాడు.

వారానికోసారి అక్కయ్యగారింటికి వెళ్ళేవాడు. మొదటిసారి వదినగారే గుమ్మంలో నిలబడి, "నిద్రపోతోంది," అని పంపేసింది. రెండోసారి కూర్చోమంది. మూడోసారి భార్య వచ్చి ఎదురుగా కూర్చుంది. తల్లి గురించి మాట్లాడుకున్నారు. ఆవిడ గైడు పట్టుకుని ఓడిపోయిన రోజుల గురించి చెప్పి ఆమె నవ్వబోయి ఏడ్చింది. అతనూ ఏడ్చాడు. క్షమించు అన్నాడు. ఆమె సరేననలేదు, వద్దనలేదు. "అత్తయ్య గది కిటికీలు తెరుస్తున్నావా? చెమ్మ పడుతుంది," అంది.

ఒక ఆదివారం తన సంచీ తనే మోసుకుని ఇంటికి వచ్చేసింది. అంతకుముందులా ఉండలేదు. అతను ఫోను చేతిలోకి తీస్తే ఆమె ముఖం బిగుసుకునేది. ఆమె వార్డు నుంచి ఆలస్యమైతే అతను అడగడానికి భయపడేవాడు. ఒక్కో రోజు బాగుండేది. ఒక్కో రోజు పలకరింపులతోనే గడిచేది. ఇద్దరూ కలిసి తల్లి గది సర్దారు. బట్టలు ఎవరికి ఇవ్వాలన్న దగ్గర చిన్న గొడవ పడ్డారు. చాలాకాలం తర్వాత అది మామూలు మొగుడూపెళ్ళాల గొడవ.

ఆరు నెలలకి సూపరింటెండెంటు ఆమెని పిలిచి, ముందు బల్లకి మనుషులు చాలడం లేదని, రమ్మని అడిగింది. రెండు రోజులు ఆలోచించి ఒప్పుకుంది. మొదటి రోజు ఉదయం తయారై, గుమ్మంలో బూట్లు వేసుకుంటుంటే అతను వెనకగా వచ్చి నిలబడ్డాడు.

"నేను దిగబెట్టనా?"

"వద్దు. బస్సులో పోతాను. ఒక్కదాన్నే పోవాలి."

"సరే."

ఆమె మెట్లు దిగింది. గేటు దగ్గర తాళం తీస్తూ ఆగి, వెనక్కి తిరగకుండానే అంది. "సాయంత్రం నాలుగింటికి డ్యూటీ అయిపోతుంది. రా."

అతను మూడింటికే వెళ్ళి ఆసుపత్రి గేటు బయట నిలబడ్డాడు.